అటక మీద భామ

పెళ్లై బెంగాల్లోని సంత్రాగాఛి వచ్చిన కొత్తలో రోజూ లైట్లు వేసే వేళకి మా ఇంట్లో బాస్మతి బియ్యం ఉడుకుతున్న వాసన వచ్చేది. మా ఇంట్లో బాస్మతి ఎవరూ వండరు. మా అత్తమ్మ వండేది ఉప్పుడు బియ్యం, అందులోకి పప్పుచారు, వేయించిన చేప. నాకేమో ఆ వాసనకి హన్మకొండలో మా అమ్మ చేసే బగారా అన్నం గుర్తొచ్చి నోట్లో నీళ్లూరేవి. పక్కింట్లో అందరూ బౌదీ, అంటే వదిన, అని పిలిచే బెంగాలీ ఆమె వండుకుంటోందేమో అనుకున్నాను. రోజూ పులావు తినే ఆమె వైభోగం చూసి కొంచెం కుళ్లుకున్నాను కూడా.

మా అత్తవారిది పాత రైల్వే కుటుంబం. మామయ్య వాళ్ల నాన్న శ్రీకాకుళం వైపు నుంచి రైలు పనికి వచ్చి ఇక్కడే ఉండిపోయారు. మామయ్య గూడ్సు బళ్ల గార్డుగా రిటైరయ్యి, క్వార్టర్స్ ఖాళీ చేసి, రైల్వే యార్డుకి దగ్గర్లోనే చిన్న ఇల్లు కట్టుకున్నారు. మా ఆయన రైలు షెడ్డులో టెక్నీషియన్. నేను సాల్ట్ లేక్‌లో, సెక్టార్ ఫైవ్‌లో ఒక కంపెనీలో పని చేస్తాను. వారంలో కొన్ని రోజులు ఆఫీసు బస్సు, మిగతా రోజులు ఇంట్లోంచే పని. ఇంటికి పైకప్పు రేకులు. ఎండకి తాళలేక రేకుల కింద ప్లైవుడ్ సీలింగ్ కొట్టించారు. రెండింటి మధ్యా మనిషి పాక్కుంటూ వెళ్లగలిగేంత ఖాళీ ఉంటుంది. అదే మా అటక.

ఒకరోజు బట్టలు ఆరేస్తుంటే పక్కింటి బౌదీ గోడ మీంచి పిలిచింది. ఆమె మా అత్తమ్మ వయసుది, భర్త పోయాక ఒంటరిగా ఉంటుంది. నన్ను బౌమా, అంటే కోడలా, అని పిలిచేది. అప్పట్లో నాకు బెంగాలీ రాదని సగం హిందీ కలిపి మాట్లాడేది.

"బౌమా, మీ ఇంటి పైన భామ్ ఉంటోంది. తెలుసా?"

నా చెవికి అది 'భామ' అని వినబడింది. మా ఇంటి పైన భామ ఏంటి? పైన గదే లేదు కదా. అదే అడిగాను.

"గది కాదు, సీలింగ్ మీద. పగలంతా పడుకుంటుంది. సాయంత్రం అయ్యాక మీ జామచెట్టు మీదుగా దిగి వెళ్తుంది. నేను రోజూ చూస్తున్నాను."

కాపురానికొచ్చి ఇంకా నెల కాలేదు. సాయంత్రమయ్యాక చెట్టు దిగి వెళ్లే భామ ఎవరు? ఆవిడ సంగతి మా ఆయనకి తెలుసా? తెలిసే నాకు చెప్పలేదా?

"చూడ్డానికి ఎట్ల ఉంటది?" అన్నాను గొంతు తగ్గించి.

"నల్లగా. తోక ఇంత పొడుగు."

తోక అనేసరికి నా ప్రాణం లేచొచ్చింది.

ఇంట్లోకి పరుగెత్తి అత్తమ్మకి చెప్తే ఆమె చేతిలో గరిటె కింద పెట్టి మరీ నవ్వింది. "ఓలమ్మ! భామ్ అంటే ఆడమనిషి కాదే. పిల్లిలాగుంటాది, మూతి ముంగిసలాగుంటాది. మా సిన్నప్పుడు క్వార్టర్స్‌లో కూడా ఉండీవి. నీకు రోజూ అన్నం వాసనొస్తందన్నావు చూడు, అది దాని ఒంటి వాసనే."

ఫోన్‌లో వెతికి చూశాను. మన పునుగు పిల్లి జాతే. మొహం మీద నల్ల ముసుగు, గుండ్రటి కళ్లు, శరీరమంత తోక. ఇన్నాళ్లూ నేను నోరూరించుకున్నది ఒక జంతువు వాసనకి అని తెలిశాక ఆ పూట అన్నం సరిగ్గా దిగలేదు. మా ఆయన మాత్రం ఆ వారమంతా షెడ్డు నుంచి ఫోన్ చేసి, "మన భామగారు లేచారా?" అని అడిగేవాడు.

అంతవరకూ అందరికీ సరదాగానే ఉంది. వానాకాలం మొదలయ్యాక ఒక పొద్దున మామయ్య పెరట్లోంచి లోపలికి రాలేదు. టీ చల్లారిపోతోందని నేను వెళ్లి చూస్తే పావురాల గూడు ముందు గొంతుక్కూర్చుని ఉన్నారు. చుట్టూ తెల్లటి ఈకలు.

మామయ్యకి ఆ పావురాలంటే ప్రాణం. ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ ఇంటి పట్టున ఉండే వీలు లేక పెంచుకోలేకపోయారట. రిటైరయ్యాక చేసిన మొదటి పని స్తంభాల మీద చెక్క గూడు కట్టి, లక్కా పావురాల్ని తెచ్చుకోవడం. విసనకర్రలా తోక విప్పుకుని తిరిగే తెల్ల పావురాలు అవి. సాయంత్రం ఆయన పాత గార్డు ఈల ఊదితే ఎక్కడున్నా వచ్చి వాలేవి. వాటిలో అన్నిటికన్నా పెద్దది, ఆయన భుజం మీద కూర్చుని గింజలు తినేది, ఆ పొద్దున లేదు. దాని జంటది గూడు మూలకి ఒదిగి కూర్చుంది.

ఆయన ఈకలన్నీ ఏరి ఒక చోట పెట్టారు. లోపలికొచ్చి టీ తాగకుండానే చొక్కా తొడుక్కుని బజారుకెళ్లారు. తిరిగొచ్చి జేబులోంచి ఎలుకల మందు పొట్లం తీసి బల్ల మీద పెట్టారు.

"అరటిపండులో పెట్టి అటక మీదికి తోసీస్తాను. ఇయ్యాల్టితో పీడ వదిలిపోద్ది."

అత్తమ్మ పొట్లం వంక చూసి, ఆయన వంక చూసింది. "ఆ తర్వాత?"

"తర్వాతేటి? సస్తాది."

"ఎక్కడ సస్తాది? సీలింగ్ మీద, నా వంటింటి నెత్తినే కదా. ఆ కంపు ఎవులు బరించాల? పైకెళ్లి దాన్ని తీసీది ఎవులు, మీరా? ఆ పండు కిందపడితే బౌదీ పిల్లి తింటాది. పావురాలు ముక్కెడితే అవీ పోతాయి. అదీ కాక..." అని ఆగి, పొట్లం తీసి కొంగున ముడేసుకుంది. "దేవుడు దాన్ని పావురాల్ని తినమనే పుట్టించాడు. గూడు తలుపు సాయంత్రం ఎయ్యకుండా ఒగ్గీసింది మీరు."

అది నిజమే కాబట్టి మామయ్యకి ఇంకా కోపం వచ్చింది. "అంటే తప్పు నాదా?" అని విసవిసా పెరట్లోకి వెళ్లిపోయారు. పొట్లం ఏమైందో మేం మళ్లీ చూడలేదు. అత్తమ్మనడిగితే, "ఉంది లే" అనేది.

చంపడానికి వీల్లేదని తేలాక ఆయన తరిమే పనిలో పడ్డారు. పాత మిత్రులు ఒక్కొక్కరూ ఒక్కో సలహా ఇచ్చారు. పెద్ద చప్పుడుంటే పారిపోతుందని ఒకరు అంటే, మామయ్య రేడియో తీసుకెళ్లి అటక మీద పెట్టారు. దాంతో భామ్‌తో పాటు మేమందరం కూడా ఫుట్‌బాల్ వ్యాఖ్యానం వినాల్సి వచ్చింది. అది పారిపోలేదు సరికదా, రేడియో తీయడానికి వెళ్లిన మా ఆయన దాని పక్కనే ఒత్తిగిలి పడుకున్న భామ్‌ని చూసి నిచ్చెన మీంచి జారాడు. ఆ రేడియో వెచ్చగా ఉండి బాగుందేమో దానికి.

మిరపకాయల పొగ వేయమని ఇంకొకరు చెప్పారు. ఆ రోజు నాకు ఇంట్లోంచే ఆఫీసు మీటింగ్. నేను స్క్రీన్ మీద ఏదో వివరిస్తుండగా మామయ్య పాత డబ్బాలో నిప్పులు వేసి, గుప్పెడు ఎండుమిరపకాయలు పోసి, నిచ్చెనెక్కి రేకుల సందులో పెట్టారు. పొగ పైకి వెళ్తుందని ఆయన లెక్క. గాలి ఆ లెక్క వినలేదు. సీలింగ్ చెక్కల సందుల్లోంచి ఘాటంతా కిందికి దిగింది. నేను దగ్గు, అత్తమ్మ దగ్గు, గోడ అవతల బౌదీ దగ్గు. మా మేనేజర్ కంగారుపడి, "నువ్వు ముందు డాక్టర్ దగ్గరికి వెళ్లు" అని మీటింగ్ ఆపేశాడు. అందరం రోడ్డు మీదికొచ్చి కళ్లు తుడుచుకుంటుంటే భామ్ ఎప్పటిలాగే చీకటి పడే వేళకి జామకొమ్మ మీదికొచ్చింది. ఒకసారి ఒళ్లు విరుచుకుని, కాలు నాక్కుని, మా వైపు చూసి, దాని పనిమీద అది వెళ్లిపోయింది.

"దీనికేటి, ముక్కు లేదా?" అన్నారు మామయ్య నీళ్లు కారుతున్న కళ్లతో.

మర్నాడు నేనే అటవీశాఖకి ఫోన్ చేశాను. ఎవరో ఒకామె ఓపిగ్గా మాట్లాడింది. దానికి దెబ్బ తగిలినా, ఎక్కడైనా ఇరుక్కున్నా వస్తారట. ఊరికే పట్టుకెళ్లి ఇంకోచోట వదిలితే లాభం లేదంది. సందు అలాగే ఉంటే ఆ చోటికి ఇంకొకటి వస్తుందట. ఇది పిల్లల కాలం, పైన పిల్లలున్నా ఉండొచ్చు, అవి పెద్దయి వెళ్లేదాకా ఆగి అప్పుడు సందు మూసుకోండి అంది. చంపడం నేరమని కూడా చెప్పింది. అదంతా మామయ్యకి చెప్పాను.

"అంటే అది మనింట్లో అద్దెకుంటాది, మనం ఓపిక పట్టాల. అంతేనా?"

"అంతే మామయ్యా."

"అద్దె కూడా ఇవ్వదు."

"ఇవ్వదు."

ఆయన లేచి వెళ్లి గూటికి గట్టి గడియ బిగించడం మొదలుపెట్టారు. కోపం మాత్రం తగ్గలేదు. సుత్తి దెబ్బల్లో వినబడుతూనే ఉంది.

ఆ తర్వాతి శుక్రవారం మా ఇంట్లో ప్రార్థన కూడిక. ఇక్కడి తెలుగు చర్చి సంఘంలో ఒక్కో వారం ఒక్కో ఇంట్లో పెట్టుకుంటారు. కొత్త కోడలు వచ్చాక మా వంతు అదే మొదటిసారి కాబట్టి అత్తమ్మ పొద్దున్నుంచి హడావిడి. చాపలు పరిచాం, సమోసాలు తెప్పించాం. బయట సన్నగా వాన పడుతోంది. పాటలయ్యాక పాస్టరు గారు ప్రార్థన మొదలుపెట్టారు. అందరం కళ్లు మూసుకున్నాం. ఆయన ఇంటి యజమాని ఆరోగ్యం కోసం ప్రార్థించారు, ఇంటి ఇల్లాలి మోకాళ్ల కోసం ప్రార్థించారు. చివరికి మా మీదికి వచ్చారు.

"ప్రభువా, ఈ కొత్త దంపతుల్ని దీవించండి. త్వరలోనే ఈ ఇంట పసిబిడ్డ స్వరం వినిపించును గాక!"

అందరూ ఆమెన్ అన్నారు. నేను సిగ్గుపడటానికి సిద్ధమవుతుండగా నెత్తిమీద ఫటేలుమని చప్పుడైంది. వానకి నానిన ప్లైవుడ్ ముక్క ఒకటి విరిగి, దాంతో పాటు ఏదో మెత్తగా చాప మీద పడింది. ఆ వెంటనే కీచుమని పసి ఏడుపు.

పాస్టరు గారు కళ్లు తెరవలేదు. ప్రార్థన మధ్యలో తెరవడం ఆయనకి అలవాటు లేదు. చేతులు రెండూ పైకెత్తి, "స్తోత్రం తండ్రీ!" అన్నారు.

నేను కళ్లు తెరిచేసరికి సమోసాల పళ్లెం పక్కన అరచేతిలో పట్టేంత బూడిదరంగు పిల్ల ఒకటి నాలుగు కాళ్లూ చాపుకుని గొంతు చించుకుంటోంది. కళ్లు అప్పుడప్పుడే విచ్చుకున్నట్టున్నాయి. ఒకావిడ కుర్చీ ఎక్కేసింది. మా ఆయన గోడకి అంటుకుపోయాడు. ఎవరో చీపురు అన్నారు.

"ఎవులూ ముట్టుకోకండి!"

అది మామయ్య గొంతు. ఆయన భుజం మీది తువ్వాలు తీసి, వంగి, పిల్ల మీద కప్పి, రెండు చేతులతో పైకెత్తారు. పావురాన్ని పట్టుకున్నట్టే పట్టుకున్నారు, బిగించకుండా, వదలకుండా. పిల్ల తువ్వాల్లోంచి మూతి బయటపెట్టి ఆయన బొటనవేలు చీకడం మొదలుపెట్టింది. ఆయన అటూ ఇటూ చూసి, "ఆకలేస్తందేటో" అన్నారు.

గోడ అవతలి నుంచి బౌదీ కూడా వచ్చింది. పాలూ గీలూ పట్టొద్దని, తల్లికి అందేచోట పెట్టమని, అందరూ దూరంగా ఉంటే తల్లే తీసుకుపోతుందని చెప్పింది. నేను మళ్లీ అటవీశాఖకి ఫోన్ చేస్తే అక్కడా అదే మాట. కూరగాయల బుట్టలో గుడ్డ పరిచి పిల్లని పడుకోబెట్టాం. వాన తెరిపిచ్చింది. మామయ్య నిచ్చెనెక్కి బుట్టని జామకొమ్మకి తాడుతో కట్టారు. పక్క కొమ్మ నుంచి రేకుల సందుకి ఒక్క గెంతే. ఇంట్లో లైట్లార్పి అందరం వంటింటి కిటికీ దగ్గర గుమిగూడాం. పాస్టరు గారు కూడా సమోసా చేత్తో పట్టుకుని నిలబడ్డారు.

చాలాసేపు ఏమీ రాలేదు. పిల్ల అరుస్తూనే ఉంది. యార్డులో బళ్లు కలిపే చప్పుడు ఒకటే వినబడుతోంది.

"రాదేటో," అన్నారు మామయ్య. "ఇంతమందిమి ఉన్నాం, బయపడిపోయుంటాది." కాసేపటికి మళ్లీ, "వానొస్తే ఎలాగ? గొడుగు కట్టాల్సింది," అన్నారు. అత్తమ్మ ఆయన చెయ్యి పట్టుకుని నొక్కింది, ఊరుకోమన్నట్టు.

అప్పుడొచ్చింది. రేకుల అంచు మీద ముందు మొహం కనబడింది, ఆ తర్వాత మెల్లగా ఒళ్లంతా. కొమ్మ మీద రెండడుగులు వేసి, ఆగి, కిటికీ వైపు తిన్నగా చూసింది. బుట్టలోకి తల దూర్చి, పిల్లని మెడ దగ్గర నోటకరుచుకుని, ఒక్క ఊపులో రేకుల సందులోకి వెళ్లిపోయింది. పిల్ల అరుపు ఆగిపోయింది.

అందరూ ఒక్కసారి మాట్లాడటం మొదలుపెట్టారు. మామయ్య మాత్రం హాల్లోకి వెళ్లి విరిగిన సీలింగ్ కింద నిలబడి పైకి చూస్తున్నారు.

"రేపు బేగి లేచి ఈ చెక్క మార్చాల," అన్నారు. "మిగతాయి పడితే?"

పొద్దున్నే కొత్త ప్లైవుడ్ తెచ్చి కింద నుంచి చప్పుడు కాకుండా మరమేకులతో బిగించారు. సుత్తి వాడితే పిల్లలు బెదురుతాయట.

ఆ తర్వాత కూడా దానితో కాపురం అంత తేలికేం కాలేదు. సీలింగ్ మీద పసుపు మరకలు పడ్డాయి. వాటి కంపు మాత్రం బాస్మతి వాసన కాదు. పెరట్లో బొప్పాయిలు పండీ పండకముందే సగం కొరికి ఉండేవి. అత్తమ్మ తిట్టుకుంటూ మంచి కాయలకి గోనెసంచులు చుట్టేది, చిటారున ఉన్నవి దానికి వదిలేసేది. మామయ్య పావురాల గూటికి సన్న కన్నాల ఇనప వల కొట్టారు. స్తంభాలకి ఎక్కకుండా జారే రేకు చుట్టారు. సూర్యుడు దిగకముందే ఈల ఊది, పావురాలన్నీ వచ్చాక గడియ వేసి, రెండుసార్లు లాగి చూసేవారు. బండి బయల్దేరే ముందు బ్రేకులు చూసుకున్నట్టు చూసేవారని అత్తమ్మ అనేది. మళ్లీ ఒక్క పావురం పోలేదు. జంట కోల్పోయిన ఆ లక్కా పావురం మాత్రం చాలా రోజులు విడిగానే తిరిగింది. దాన్ని చూసినప్పుడల్లా ఆయన మొహం మాడిపోయేది. పైనున్న దాన్ని క్షమించారని నేననుకోను. పిల్లలున్నాయని ఊరుకున్నారు, అంతే.

దసరా పూజల సెలవులు దగ్గరపడ్డాక సాయంత్రాలు జామకొమ్మ మీద తల్లి వెనక పిల్లలు కూడా దిగడం మొదలుపెట్టాయి. చివర్న దిగేది ఎప్పుడూ తడబడేది. చాప మీద పడ్డది అదేనని మామయ్య వాదించేవారు. ఆయన పెరట్లోకి కుర్చీ వేయించుకుని, టీ తాగుతూ, ఎవరడిగినా పావురాల్ని చూస్తున్నానని చెప్పేవారు. పావురాలు అప్పటికే గూట్లో ఉండేవి.

చలి మొదలయ్యాక పైన చప్పుళ్లు తగ్గాయి. అవి వెళ్లిపోయాయో లేదో తేల్చుకోవడానికి మామయ్య రేకుల సందు దగ్గర గోధుమపిండి పల్చగా చల్లారు. రొట్టెల పిండి కాస్తా పాడుచేశారని అత్తమ్మ కేకలేసింది. మొదటి రోజు బయటికెళ్లిన అడుగులూ లోపలికొచ్చిన అడుగులూ ఉన్నాయి. తర్వాత బయటికెళ్లినవే ఉన్నాయి. ఆ తర్వాత పిండి చల్లింది చల్లినట్టే ఉంది. మా ఆయనకి టార్చి ఇచ్చి పైకి పంపి, మూలమూలా చూడమని, ఇంకోసారి చూడమని, అప్పుడు గానీ సందుకి వల కొట్టలేదు. రైలు పట్టాల పక్కన కూలిపోయిన పాత క్వార్టర్ ఒకటుంది. భామ్ ఇప్పుడు అక్కడ ఉంటోందని బౌదీ చెప్పింది. ఆమెకి అన్నీ కనబడతాయి.

కూడిక రోజు సంగతి సంఘమంతా పాకింది. కొత్త దంపతుల దీవెన అలా ఫలించిందని నన్ను ఏడిపించని వాళ్లు లేరు. దాంతో పాటు ఇంకొకటి కూడా పాకింది. ఎవరింట్లో అటక మీద చప్పుడైనా, బాత్రూములో ఉడుము దూరినా మామయ్యకి ఫోన్ వస్తోంది. ఆయన నిచ్చెనని మా ఆయన భుజానికెత్తి బయల్దేరతారు.

పోయిన ఆదివారం చర్చి నుంచి రాగానే అలాంటి ఫోనే. రెండు వీధుల అవతల ఒక బెంగాలీ ఇల్లు. అన్నం వడ్డించిన అత్తమ్మ, "తిని ఎల్లండి" అంటున్నా వినకుండా వెళ్తుంటే నిచ్చెన మోస్తూ మా ఆయనా, ఏం జరుగుతుందో చూద్దామని నేనూ వెనకే నడిచాం. ఆ ఇంటాయన చేతిలో అప్పటికే మందు పొట్లం ఉంది. ఇక ఒక్కరోజు కూడా ఆగలేనని, నిద్ర పట్టడం లేదని గట్టిగా అరుస్తున్నాడు. మామయ్య నిచ్చెనెక్కి, సందులోంచి తొంగిచూసి, దిగి, తువ్వాలుతో మొహం తుడుచుకున్నారు.

"పిల్లలున్నాయి దాదా," అన్నారు బెంగాలీలో. "కొన్నాళ్లు ఓపిక పట్టండి. పెద్దయ్యాక అవే పోతాయి. అప్పుడు నేనొచ్చి సందు మూస్తాను."

"ఎన్నాళ్లు?"

"మీకు పిల్లలున్నారా?"

"ఇద్దరు."

"ఎంత వయసు?"

"పెద్దవాడికి ముప్పై."

"ఎక్కడుంటున్నాడు?"

ఆయన లోపలి గది వైపు చూసి, "ఇక్కడే" అన్నాడు.

"అన్నాళ్లు ఉండవులెండి," అన్నారు మామయ్య.

లోపలి నుంచి ఆ ఇంటావిడ పకపకా నవ్వింది. ఆయన కూడా నవ్వు ఆపుకోలేక పొట్లం తీసుకెళ్లి భార్య చేతిలో పెట్టాడు. మాకు టీ వచ్చింది, సందేశ్ మిఠాయి వచ్చింది. మామయ్య కుర్చీ లాక్కుని కూర్చుని, పండ్లు ఎక్కడ పెట్టకూడదో, కోళ్లుంటే గడియ ఎలా వేయాలో మొదలుపెట్టారు. ఇంటికెళ్లేసరికి మా అన్నం చల్లారిపోయుంటుందని నాకు తెలుసు. అయినా నేనూ ఇంకో సందేశ్ తీసుకుని కూర్చున్నాను.